చెవిలో చెప్పిన బరువు

“అయిదు దినాలు మొగోడు ఏం తిని బతకాలె? అదన్న ఆలోచన చేసినవా?” అని అత్త అడిగినప్పుడు జానమ్మ జొన్నరొట్టె చరుస్తోంది. అత్త అడిగింది జవాబు కోసం కాదు, అడిగేసి పెరట్లోకి వెళ్లిపోయింది. జానమ్మ తొక్కు నూరి పెట్టింది, అయిదు రోజులకూ సరిపడా కారం దంచి పెట్టింది, చాయపత్తా ఎక్కడుందో భర్త రామచంద్రానికి రెండుసార్లు చూపించింది. అప్పుడు పాలమూరు బస్సెక్కింది.

పాలమూరులో అంగన్‌వాడీ సూపర్‌వైజర్లకు అయిదు రోజుల శిక్షణ. కింద పనిచేసే కార్యకర్తలకు పని ఎట్లా నేర్పాలన్నది విషయం. జానమ్మకు కొంచెం చిన్నతనంగానే తోచింది. వాళ్ల ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివింది తనొక్కతే. నార్కట్‌పల్లి చుట్టూ పందొమ్మిది కేంద్రాలు తిరుగుతుంది. ఎక్కడ తప్పు కనబడితే అక్కడ పుస్తకం లాక్కుని తనే దిద్దుతుంది. ఇంతకంటే నేర్పడం ఏముంటుంది?

శిక్షణ ఇచ్చిన అన్వరీ బేగం నెరిసిన జుట్టు మనిషి. మొదటి రోజే అంది: “చెప్పుడు జర బంద్ జేయున్రి. అడగున్రి. అడిగినంక మనసుల ఇరవై లెక్కవెట్టున్రి. గంతదాక నోరు తెరిచినోళ్లు ఫేల్.”

ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టింది. జానమ్మ నాలుగు దాటలేదు. నవ్వులు. తర్వాత అడిగించుకునే వంతు వచ్చింది. ఎదుట కూర్చున్న అమీనా అనే పిల్ల, “పనిల నీకు ఏది కష్టమనిపిస్తదక్కా?” అని అడిగి నోరు మూసుకుంది. ఏమీ లేదు అందామనుకుంది జానమ్మ. అమీనా కళ్లు తిప్పలేదు. పదిహేను దగ్గరో పదహారు దగ్గరో జానమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది, టీ గంట కొట్టినా ఆపలేకపోయింది. పెళ్లయి పదకొండేళ్లు. ఈ పదకొండేళ్లలో తనను ఎంతమంది ఎన్ని అడిగారు! ఉప్పేది, అంగీ ఏది, నీళ్లు కాగినయా, జీతం వచ్చిందా. అన్నీ చేతులతో జవాబు చెప్పేవే. నోటితో చెప్పే జవాబు కోసం కాచుక్కూర్చున్న మనిషి ఒక్కరూ లేరు. రామచంద్రం చెడ్డవాడు కాదు, తాగడు, తిట్టడు. “నీకెందుకు ఫికరు, నేను జూస్త గద” అంటాడు. మండలాఫీసులో గుమాస్తా, ఇంగ్లీషు చక్కగా రాస్తాడు. ఆమె రిపోర్టులన్నీ ఆయనే రాస్తాడు, ఆమె సంతకం పెడుతుంది. అది ప్రేమే అనుకుంది ఇన్నాళ్లూ. కాదని ఇప్పుడూ అనుకోవడం లేదు. కానీ తను కార్యకర్తల చేతుల్లోంచి పుస్తకం లాక్కోవడం ఎక్కడ నేర్చుకుందో ఆ రోజు అర్థమైంది.

తిరిగొచ్చేసరికి ఆఫీసరు నుంచి కాగితం వచ్చి ఉంది. కార్యకర్త బీరమ్మ కేంద్రంలో పిల్లల బరువులన్నీ దొంగలెక్కలు. ప్రతి పిల్లా ప్రతి నెలా సరిగ్గా పావుకిలో పెరుగుతోంది. శనివారంలోగా సూపర్‌వైజర్ రిపోర్టు ఇస్తే బీరమ్మను తీసేస్తారు.

బీరమ్మది గొర్లకాపరుల ఇల్లు. భర్త మందను తోలుకుని ఆరు నెలలు కృష్ణ దిక్కు పోతాడు. ఈ కొలువు దొరికాకే ఆమె మంద వెంట నడవడం మాని, పిల్లలను బడికి పంపుతోంది. కొలువు పోతే బడీ పోతుంది.

గురువారం జానమ్మ కేంద్రానికి వెళ్లింది. బీరమ్మ వేసిన కుర్చీలో కాక చాప మీద కూర్చుంది.

“బీరమ్మా, తూకం పని ఏడ ఆగిపోతాంది?” అని అడిగి లెక్క మొదలుపెట్టింది.

ఏడు, ఎనిమిది... బీరమ్మ బెదిరిపోయింది. “ఏంది మేడం, పానం బాగలేదా? మంచినీళ్లియ్యాల్నా?”

జానమ్మ తల అడ్డంగా ఊపింది.

“తల్లులు తోల్కవస్తలేరు,” అంది బీరమ్మ చివరికి.

“ఎప్పటి సంది?”

“మీరొచ్చినప్పటి సంది.”

జానమ్మ నోరు తెరవబోయి మూసుకుంది. ఆ మౌనంలో బీరమ్మకు ధైర్యం వచ్చింది. “మీరు కాంటకు పిల్లను తగిలిచ్చి, ముల్లు జూసి, అంగడిల పాట వాడినట్టు ఒర్లుతరు గద. పదకొండు కిలోలూ అని! మావోళ్లు మందల గొర్లెన్నంటెనే చెప్పరు మేడం, దేవుడిచ్చినన్ని అంటరు. కడుపుల పుట్టిన పిల్లను పదిమందిల గట్ల ఒర్లుతె దిష్టి తాకదా? ఎవరు తెస్తరు? తూకం లేకుంటె నా కొలువు ఉంటదా? అందాజ మీద రాసిన.”

“మూడేండ్ల సంది నాకు చెప్పకపోతివి?”

“మీరెన్నడడిగిన్రు? పుస్తకం గుంజుకొని మీరే రాస్తిరి.”

దిష్టి మూఢనమ్మకమన్న పాఠం జానమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. “మరేం జేద్దాం?” అంది.

ఈసారి పదకొండుకే జవాబు వచ్చింది. “తల్లి చెవుల చెప్దాం. ఇంకొకరికి వినరావద్దు.”

ఆ సాయంత్రమే బీరమ్మ ఇల్లిల్లూ తిరిగి తల్లులకు ఈ మాట చెప్పొచ్చింది. మరునాడు అందరికంటే ముందు గుర్వమ్మ వచ్చింది, చంకలో రెండేళ్ల పిల్లతో. బీరమ్మ కాంటా దూలానికి కట్టి, పిల్లను తగిలించి, ముల్లు చూసి, గుర్వమ్మ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. గుర్వమ్మ ముఖం మారింది. ఆమె కూడా గుసగుసగానే అడిగింది: “ఇంత తక్కువనా? ఏం పెట్టాలె?” బీరమ్మ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పసాగింది. బయట ఇంకో పదిమంది తల్లులు వంతు కోసం నిలబడ్డారు. జానమ్మకు చేయడానికి పని లేకుండా పోయింది. అట్లా ఊరికే కూర్చోవడం ఎంత హాయిగా ఉందో! సాయంత్రానికి ఇరవై ముగ్గురు పిల్లల తూకం అయింది. తొమ్మిది మంది బరువు తక్కువ. ఇన్నాళ్లూ పుస్తకంలో వాళ్లంతా బొద్దుగా ఉన్నారు.

శనివారం పొద్దున రామచంద్రం రిపోర్టు సిద్ధంగా పెట్టాడు, చక్కని ఇంగ్లీషులో. నిర్లక్ష్యం, మోసం, తొలగింపునకు సిఫారసు. “సంతకం వెట్టు, ఆఫీసుల ఇచ్చి పోత,” అన్నాడు.

జానమ్మ చదివింది. పక్కన పెట్టి, తెల్లకాగితం తీసుకుని తెలుగులో రాయసాగింది. ఆయన భుజం మీది నుంచి వంగి చూశాడు.

*అబద్ధపు అంకెలు రాసింది కార్యకర్త. రాయించింది నా తొందర. మూడేళ్లలో నేను ఒక్కసారి అడిగి ఉంటే ఆమె చెప్పేది. నిన్న తూచిన అసలు బరువులు జతచేశాను. బరువు తల్లి చెవిలోనే చెప్పే ఈ పద్ధతి కనిపెట్టింది బీరమ్మే, కనుక ఆమెను కొనసాగించాలి.*

“పిచ్చిదానా, గిది ఆఫీసుకు పోతె మెమో నీకే వస్తది!”

“రానియ్యి,” అంది జానమ్మ, కింద తన పేరు రాసుకుంటూ. “దానికి జవాబు గూడ నేనే రాస్త.”