ఒక్కసారే పలికే పెట్టె

"ట్వీటరూ! ఒరేయ్ ట్వీటరూ! నీ గురువారం వచ్చిందిరా."

పక్క కొట్టు పంక్చరాయన కేక అది. కార్లలో పాటల పెట్టెలు బాగుచేసే అతనిది పీల గొంతు, అందుకే సన్నగా కీచుమనే చిన్న స్పీకరు పేరు పడింది. ఇక గురువారం అంటే ఒకావిడ. మందుల షాపులో పని. సెలవు రోజున పదకొండింటికి వచ్చి, స్టూలుకి ఎక్కడ నొప్పి పుడుతుందో అన్నట్టు మెల్లగా కూర్చుంటుంది. ఆవిడ వస్తే తుప్పు వాసన కొట్టే ఆ గదిలోకి వాన ముందరి గాలి వచ్చినట్టుంటుంది అతనికి.

"ఇవాళైనా పలికేలా ఉందా అన్నా?"

అన్నా అన్నప్పుడల్లా ట్వీటరు మొహం మాడిన బల్బులా అయిపోతుంది.

"ఎర్ర లైటు పోవట్లేదండీ."

ఎనిమిది నెలలుగా అదే మాట. ఆంప్లిఫయర్‌కి, అంటే ఆ పాటల పెట్టెకి, పచ్చ లైటు వెలిగితే బాగున్నట్టు. ఎర్రది వెలిగితే ఎక్కడో దెబ్బ తగిలి తలుపులేసుకున్నట్టు. స్పీకరు వైర్లన్నీ పీకి ఒక్కొక్కటే కలిపి చూడాలి. అప్పటికీ ఎర్రగానే ఉంటే మూత విప్పి, కాలిన వాసన కోసం ముక్కు పెట్టి వెతకాలి.

"వీడు బాగుచేసే లోపల నా టైర్లకి మనవలు పుడతారమ్మా," అన్నాడు పంక్చరాయన గుమ్మంలోంచే.

మూగబోయిన పెట్టెకి ప్రాణమొస్తే, అది ఆగిపోయే ముందు కారులో ఎవరు చివరగా ఏమన్నారో ఆ మాట ఒక్కసారి పలుకుతుంది. తర్వాత మామూలుగా పాటలే. అందుకే కారువాళ్ళని పిలిపించి కూర్చోబెట్టాకే కరెంటు ఇస్తారు, మిగతావాళ్ళు టీకి పోతారు. పోయిన నెల ఒకాయన పెట్టె "మా అత్తగారి గురకకి ఇంజనే నయం" అంది. పక్కనే ఉన్న అత్తగారు అట్నుంచటే బస్సెక్కేసింది.

ఈవిడ తెచ్చింది భర్త టాక్సీలోది. నాలుగేళ్ళ కిందట ఓ పొద్దున బయల్దేరాడు. దూరాన ఏదో రైల్వే స్టేషను బయట తాళం చెవితో సహా కారు దొరికింది. మనిషి మాత్రం లేడు. ఏమని వెళ్ళాడో ఆ పెట్టెకే తెలుసు.

"అక్క వాళ్ళ ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం ఉందట. సాయంత్రంలోగా చెప్పాలి," అంది.

"వెళ్తారా?"

"ఎలా వెళ్తాను? ఆయన 'ఉండు, వస్తా' అని ఉంటే? వచ్చి తలుపుకి తాళం చూసి వెనక్కి పోతే? అది పలికేదాకా కదిలేది లేదు. ఇప్పుడే రానని చెప్పేస్తా, ఓ పనైపోతుంది."

ఫోను తీసి నొక్కింది. అవతల మోగుతోంది. ఆవిడ చెవి పక్కన తెల్లబడ్డ వెంట్రుకలు కనబడ్డాయి ట్వీటరుకి. మొదటిసారి వచ్చినప్పుడు అవి లేవు.

"అలా చెప్పకండి," అన్నాడు. గొంతు ఇంకా పీలగా వచ్చింది. "అది మొదటి రోజే పలికేసిందండీ."

ఆవిడ చెవి దగ్గరి ఫోను కిందికి దించింది.

"పెట్టెలో ఏం పోలేదు. కారులో ఎర్తు వైరుని రంగు గీకకుండా రేకుకి బిగించారు, కరెంటు ఆడలేదు, అంతే. నేను లోపల కాలిందనుకుని, మిమ్మల్ని పిలవకుండానే బల్ల మీద కరెంటు ఇచ్చా. టక్కున పలికింది. మీ ఆయన పెట్రోలు బంకు వాడితో అంటున్నాడు, 'సగం ట్యాంకు చాలు. తిరిగొచ్చే పని లేదు.'"

"హలో, వస్తున్నావా లేదా?" అంటోంది ఫోనులో అక్క.

ఆవిడకి ఒక్క కన్నీటి బొట్టు కూడా రాలేదు. "వస్తున్నానక్కా. రేపే," అని ఫోను సంచిలో వేసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మరి ఈ ఎర్ర లైటు?"

"నేనే వెలిగిస్తున్నానండీ. గురువారం పొద్దున్నే ఒక వైరు తీసి పెట్టె ఒంటికి తగిలిస్తా. నిజం చెప్పేస్తే మీరిక రారని."