మేనత్త కత్తెర

ఆస్ట్రేలియాలోని రెన్‌మార్క్‌లో చామాకు దొరకదు. అకోసితా ఎప్పట్లాగే పాలకూర ఆకుల్ని పొరలుగా పరిచి, మధ్యలో డబ్బా బీఫు, ఉల్లిపాయ ముక్కలు పెట్టి, కొబ్బరిపాలు పోసి, రేకు కాగితంలో పొట్లాలు కట్టింది. కడుతున్నంతసేపూ ఆమె చూపు కిటికీ వైపే పోతోంది.

అక్కడ ఎండలో కూర్చుని తోకిలూపె తలస్నానం చేసిన జుట్టు ఆరబెట్టుకుంటోంది. వారంలో మిగతా రోజులన్నీ ఆ జుట్టు బిగించిన ముడిలోనే ఉంటుంది. నల్ల పేరుబిళ్ళ గుండెలమీద పెట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి దేవుడి మాట చెప్పే పిల్ల ముడి విప్పుకునేది సోమవారం సెలవునాడు అకోసితా ఇంటికొచ్చినప్పుడే. జుట్టు కుర్చీ దాటి నేలను తాకుతోంది. విరబోసుకున్న ఆ జుట్టును చూడటం అకోసితాకు కష్టంగా ఉంది. టోంగాలో ఆడవాళ్ళు జుట్టు అలా వదిలేసేది ఇంట్లో చావు జరిగినప్పుడే.

ఇంట్లో చావు జరిగింది. ఆ సంగతి ఆ పిల్లకే తెలియదు.

మూడు వారాల కిందట టోంగాలోని వవావు దీవి నుంచి తోకిలూపె తల్లి లోసలీన్ ఫోన్ చేసింది. అకోసితా ఆవిడను ఎన్నడూ చూసింది లేదు. "మీ ఊళ్ళో టోంగా ఇల్లు మీదొక్కటేనని మా అమ్మాయి చెప్పింది. మావారు పోయారక్కా. దానికి మాత్రం చెప్పొద్దు. చెబితే వచ్చేస్తుంది. వచ్చిందంటే మళ్ళీ వెళ్ళదు. సగం అల్లిన చాప చాప కాదు, దాన్ని పూర్తి చెయ్యనివ్వండి అని చివరి మాటగా అన్నారాయన," అంది. ఆ తర్వాత కాసేపు ఏడ్చి, "ఇరవై ఒకటో పుట్టినరోజు వస్తోంది. కేకు మీరే చెయ్యండక్కా, ఇరవై ఒకటికి మనవాళ్ళు చేసే తాళంచెవి ఆకారంలో," అని అడిగింది.

అకోసితా కేకు చేసింది. బల్ల మీద పెట్టింది. తాళంచెవి పళ్ళు కాస్త వంకర పోయాయి.

"పిన్నీ, ఇది తాళంచెవా, రొయ్యా?" అంది తోకిలూపె దగ్గరికొచ్చి చూసి.

"రొయ్యే. తినకు."

"ఈ తాళంచెవితో తలుపు తెరవబోతే ఇల్లే ఊడొస్తుంది." పక్కనున్న సిస్టర్ బెన్నెట్ వైపు తిరిగి ఇంగ్లీషులో అదే మాట చెప్పి ఇద్దరూ నవ్వారు. బెన్నెట్ అమెరికా పిల్ల, తోకిలూపెకు జోడీ. జోడీలు ఒకరికొకరు కనిపించేంత దూరంలో, వినిపించేంత దూరంలో ఉండాలన్నది మిషన్ నియమం. ఒకరు స్నానానికి వెళ్తే రెండోవాళ్ళు తలుపు బయట కూర్చుంటారు.

"ఇవాళ నాన్న ఫోన్‌లోకి రావాల్సిందే పిన్నీ," అంది తోకిలూపె. "పోయిన వారం తోటకెళ్ళాడన్నారు. అంతకుముందు చేపలకెళ్ళాడన్నారు. మాట్లాడేది వారానికొక్కసారి, ఆ రోజే ఈయనకు చేపలు కావాలి. పుట్టినరోజున కూడా ఎక్కడికైనా పోయాడో, ఇక నేనింటికెళ్ళాక ఏడాది మాట్లాడను."

అకోసితా పొయ్యి తలుపు తెరిచి, అక్కర్లేకపోయినా పొట్లాలను అటూ ఇటూ జరిపింది. ఈసారైనా లోసలీన్ చెప్పేస్తుందనుకుంది. ప్రతి సోమవారమూ అలాగే అనుకుంది.

ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి పెట్టారు. తెర మీద ఇల్లంతా కనిపించింది. అందరూ ఎర్రవీ పసుపువీ పూలచొక్కాలు వేసుకుని వరసగా కూర్చున్నారు. నడుముకు చుట్టుకునే చావు చాపలు ఒక్కరికీ లేవు. విప్పేసి లోపల పెట్టారని అకోసితాకు అర్థమైంది. అందరూ కలిసి పాట పాడారు. లోసలీన్ పెదాలు కదిలాయి కానీ గొంతు వినిపించలేదు.

"నాన్నేడీ?"

"ఇప్పుడే అటు వెళ్ళారమ్మా," అంది లోసలీన్. "పంది కాలుస్తున్నారు, పెరట్లో."

"పిలువు. పంది ఎక్కడికీ పారిపోదు, కాలుతోందిగా."

ఎవరో గట్టిగా నవ్వారు. ఆ నవ్వు కొంచెం ఎక్కువసేపు సాగింది. తోకిలూపె ఫోన్‌కు దగ్గరగా వంగింది.

"సేలా, ఇంట్లో ఆ టోపీ ఏమిటే? తియ్."

చెల్లెలు సేలా రెండు చేతులతో టోపీ పట్టుకుంది. పక్కనున్న పిల్లవాడెవడో సరదాగా దాన్ని లాగేశాడు. నడుం దాటి వేలాడే జుట్టు లేదు. చెవుల దగ్గరికి కోసేసి ఉంది, ఒక వైపు పొడుగు, ఒక వైపు పొట్టి.

"పేలు పడ్డాయమ్మా," అంది లోసలీన్ వెంటనే. "బడిలో అంటించుకొచ్చింది. ఎంత దువ్వినా పోలేదు, అందుకే కోసేశాం."

"అయ్యో, పేలరాణీ!" తోకిలూపె పకపకా నవ్వింది. "ఎవరే కోసింది? గుడ్డివాడా? ఓ పక్కకు దిగిపోయింది చూడు."

సేలాకు అబద్ధాలు బాగానే నేర్పారు. టోపీ తియ్యొద్దన్నారు, ఏడవొద్దన్నారు, నాన్న పెరట్లో ఉన్నాడని చెప్పమన్నారు. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం ఎవరూ నేర్పలేదు.

"మేనత్త," అంది సేలా.

తోకిలూపె ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది, తీసేయడం మరిచిపోయినట్టు. పేలకు మేనత్త రాదు. ఇంట్లో అన్నదమ్ములందరి కంటే పైచేయి ఆమెది. ఆమె ముందు కూర్చుని తినరు, ఆమె చాప తొక్కరు. ఆమె కత్తెర పట్టుకుని వచ్చేది ఒక్కసారే, అన్నో తమ్ముడో పోయినప్పుడు, వాడి ఆడపిల్లల జుట్టు కోయడానికి.

"అమ్మా," అంది తోకిలూపె. "పెరట్లో పంది కాలుస్తున్నది ఎవరు?"

లోసలీన్ ముఖం చేతుల్లో దాచుకుంది. అప్పటిదాకా తెరలో పడకుండా ఓ పక్కన కూర్చున్న పెద్దావిడ ముందుకు జరిగింది. అదే మేనత్త ఫూసిపాల. ఆమె ఒక్కతే నల్లబట్టల్లో ఉంది.

"మీ నాన్న పోయాడు, తల్లీ. మట్టి కూడా చేశాం. చెప్పొద్దన్నది నేనే, మీ అమ్మను అనకు. తమ్ముడు నన్నే పిలిచి చెప్పాడు, నువ్వు పని పూర్తి చేసి రావాలని. అది వాడు నన్నడిగిన చివరి కోరిక."

"నేనొస్తాను అత్తా. రేపే వస్తాను."

"దేనికి? గుంత పూడ్చేశాం."

"అత్తా, నా జుట్టు..." రెండు గుప్పెళ్ళతో జుట్టు పట్టి ఫోన్‌కు చూపించింది. "ఇదిగో ఇలా ఉంది. ఎవరు కోస్తారు? పిన్ని కోస్తుంది. నువ్వు ఊఁ అను, పిన్ని కోస్తుంది ఇక్కడ."

అకోసితా రెండడుగులు వెనక్కి వేసింది. "నేను కాదమ్మా. నా చెయ్యి ఆ చెయ్యి కాదు," అంది. ఆ మాట అనక తప్పలేదు. అన్నాక తన నోరు తనకే చేదుగా అనిపించింది.

"నీ జుట్టు నాది," అంది ఫూసిపాల. "నేను తప్ప ఎవరూ దాని మీద కత్తెర పెట్టరు. నువ్వు వచ్చిన రోజు కోస్తాను. అప్పటిదాకా ముడి వేసుకో. నాన్న పూర్తి చెయ్యమన్న పనిలో ఉన్నదానివి, జుట్టు విరబోసుకుని తిరగకు. ఇప్పుడే, నేను చూస్తుండగా కట్టుకో."

"మిషన్ ముగియడానికి ఇంకా ఏడాది పైన ఉంది అత్తా."

"తెలుసు."

పెద్దావిడ గొంతులో కరుకుదనం ఆ ఒక్క మాట దగ్గర చీలింది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ తర్వాత తెర నల్లబడింది, వాళ్ళు కట్టేశారో, సిగ్నల్ పోయిందో తెలియలేదు. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు.

బెన్నెట్ చేతిలో అగ్గిపెట్టెతో కేకు పక్కన నిలబడి ఉంది. ఒక్క మాటా అర్థం కాలేదు, ఏదో జరిగిందని మాత్రం తెలిసింది. అకోసితా తనకు వచ్చిన ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పింది. ఆ పిల్ల అగ్గిపెట్టె కింద పెట్టి తోకిలూపెను పట్టుకోబోయింది. తోకిలూపె విడిపించుకుని స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. బెన్నెట్ నియమం ప్రకారం తలుపు బయట నేల మీద కూర్చుంది, తనూ ఏడుస్తూ. లోపల కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది. ఏడుపు వినపడకూడదని నీళ్ళు వదిలింది. తోకిలూపెకు ఈ దేశంలో ఒంటరిగా ఏడవడానికి ఉన్న చోటు అంతే.

పొట్లాలు మాడిన వాసన వచ్చింది. అకోసితా పొయ్యి ఆర్పింది. కోయనని అన్న చేతులు కొబ్బరిపాల జిడ్డుతో ఉన్నాయి. కడుక్కుందామంటే స్నానాలగదిలో నీళ్ళు పోతుంటే సింకులో సన్నటి ధార కూడా రాలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. తోకిలూపె దువ్వెన, పిన్నులు పట్టుకుని వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది.

"నాలుగింటికి ఓ ముసలాయన ఇంటికి వెళ్ళాలి. ప్రార్థన చేస్తామని మాటిచ్చాం," అంది. "ముడి వెయ్యి పిన్నీ."

"ఇవాళ ఆయనేమీ అనుకోడమ్మా. కబురు చేద్దాం."

"చేసి? ఇక్కడ కూర్చుని ఏం చెయ్యను? కేకు తిననా?"

అకోసితా జుట్టును రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇంకా తడిగానే ఉంది. దువ్వింది. మెలిపెట్టి పైకి చుట్టింది. ఒక్కో పిన్నూ గుచ్చుతుంటే ఆ పిల్ల ఒళ్ళు కొద్దిగా అదిరింది.

"ఇంకా గట్టిగా," అంది తోకిలూపె.

"నొప్పెడుతుందే."

"పెట్టనీ. గట్టిగా వెయ్యి పిన్నీ. దారిలో ఊడకూడదు."

వేసింది. తోకిలూపె లేచి పేరుబిళ్ళ సరిచేసుకుంది. ఇద్దరు పిల్లలూ సైకిళ్ళు తోసుకుంటూ గేటు దాటారు. నారింజ తోటల పక్క రోడ్డు మీద, చలిగాలికి ఎదురుగా వెళ్తున్న ఆ తలకాయను అకోసితా మలుపు దాకా చూసింది. ముడి కదల్లేదు.