పద్నాలుగో సీసా

నాగర్‌కర్నూల్‌కు పది కిలోమీటర్ల దూరంలోని ఆ ఊరి బడి వరండాలో ఆనాడు హాజరైనవారు, కూర్చున్న క్రమంలో: కుర్చీలో నగరం నుంచి వచ్చిన పరిశోధకుడు డాక్టర్ చంద్రశేఖర్, పక్కన సీసాల పెట్టెతో సహాయకురాలు శ్రుతి, బల్ల మీద కూలీలను పనులకు తోలుకుపోయే మేస్త్రీ నర్సింహులు, నేల మీద, పత్తి ఏరే కూలి మానుకుని వచ్చిన ఇరవై ఆరుగురు. ఆ వరుసలో మొదట భీమమ్మ. ఆమె ఒడిలో మనవరాలు సుప్రియ.

నెల రోజులుగా పిల్లకు మూర్ఛలు. నిన్న దవాఖానలో ఇచ్చిన మాత్రల అట్ట ఇంకా విప్పకుండా భీమమ్మ కొంగుముడిలోనే ఉంది.

"రోగాలను ఎదిరించే జన్యువులు అందరిలో ఒకే తీరుగా ఉండవు," డాక్టరు చెప్పసాగాడు. "ఒక్కో జనంలో ఒక్కో రకం ఎక్కువ. మూడేళ్ల క్రితం మీరిచ్చిన రక్తంలో ఒక రకం కొందరిలో కనిపించింది. అది ఉన్నవాళ్లు మూర్ఛకు వాడే ఒక మాత్ర మింగితే ఒళ్లంతా బొబ్బలెక్కి చర్మం ఊడిపోవచ్చు. అందుకే మళ్లీ నమూనాలు కావాలి."

పిల్ల తల నిమురుతున్న భీమమ్మ చెయ్యి ఆగిపోయింది. నిరుడు ఆమె కూతురు, సుప్రియ తల్లి రేణుక అట్లాగే పోయింది. మూర్ఛకు మాత్రలు మొదలుపెట్టిన పన్నెండో నాడు వీపు చర్మం చాపకు అంటుకుని వచ్చింది. అమ్మవారు పోసిందన్నారు, వేపాకు పరిచారు. మాత్రలు మాత్రం ఆపలేదు. వేళ తప్పకుండా మింగించింది భీమమ్మే.

"సారూ, గీ సంగతి మీకెప్పుడెరుకైంది?"

"రెండేళ్లయింది."

"మా రేణుక పోయి యాడాదే. మాకెందుకు చెప్పలే?"

"పరిశోధన పత్రికలో ప్రచురించామమ్మా. అందులో నెంబర్లే ఉంటాయి. ఏది ఎవరిదో చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవు."

ఊరి వరసకు అల్లుడయ్యే మేస్త్రీ విసుక్కున్నాడు. "ఏందత్తా, సారుతోని పంచాది? ముద్దరేసి, పోయినసారి లెక్క సారిచ్చే స్టీలు డబ్బ తీస్కపో. పోయినసారి అందరి ముద్దర్లు నేనే ఏసిన. ఏమన్న తక్కువైందా?"

"గా డబ్బకు మూత సుత పట్టది అల్లుడా. తక్కువైంది నా ఇంట్ల." ఆమె శ్రుతి వైపు తిరిగింది. "బిడ్డా, మా రేణుకది ఎన్నో నెంబరు?"

శ్రుతి డాక్టరు ముఖం చూసి, అయినా రిజిస్టరు విప్పింది. "పద్నాలుగో సీసా."

"గా రకం ఉండెనా?"

శ్రుతి తల ఊపింది. భీమమ్మ కొంగుముడి విప్పి అట్టను ఆమె ముందు పెట్టింది.

"గిది గా మాత్రేనా?"

"అదే. వెయ్యొద్దు పెద్దమ్మా. దవాఖానలో చెప్పి వేరేది రాయించుకో."

"పిల్లకు గా రకం ఉన్నదో లేదో చెప్తరా మరి?"

"ఫలితాలు ఇవ్వడం మా పనిలో భాగం కాదు," అంటూ డాక్టరు సిరా దిండు ముందుకు జరిపాడు.

"మా నెత్తుర్ల ఏమున్నదో ముందుగల్ల మాకు చెప్తమని కాయితం మీద రాయిండ్రి. గప్పటిదాంక నేనెయ్య."

ఆమె బొటనవేలిని పిడికిలిలో ముడుచుకుంది. ఒడిలో పిల్ల కాలు ఒక్కసారి అదిరింది. వరుసలో రెండోదైన వెంకటమ్మ, అప్పటికే సిరా అద్దిన వేలును చీర చెంగుకు మెల్లగా తుడుచుకుంది.

ఆ వరుసలో మొట్టమొదట ముద్ర వేయడానికి నిరాకరించినది రేణుక తల్లి భీమమ్మ. ఆనాటి రిజిస్టరులో ఈ సంగతి లేదు గనుక ఇక్కడ నమోదు చేయడమైనది.