పొలిమేర దాటిన దిష్టిముద్ద

తను జైలుకు పోతే చంటిపిల్ల పాలు లేక చచ్చిపోతుందని దేవుడమ్మ భయం. దాన్ని మించిన భయం ఆమెకు లేదు. ఆ భయమే ఆమె నోరు కట్టేసింది.

మెర్దెకా, అదే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చి నెల కాలేదు. సుంగై సుమున్ రబ్బరు తోటలో కొత్త జెండా ఎగురుతోంది గానీ, కూలీల ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె అలాగే ఉంది. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు గెరిల్లాలకు తిండి అందుతుందని గేటు దాటి మెతుకు పోనివ్వరు. అలాంటప్పుడు పిల్లకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. దిష్టే అనుకుంది దేవుడమ్మ. పసుపూ సున్నం కలిపిన అన్నం ముద్దను పిల్ల చుట్టూ తిప్పింది. దాన్ని పొలిమేర అవతలే పారెయ్యాలి; కంచె లోపల పడేస్తే పక్కింటి పిల్లకు తగలదూ? పొద్దున్నే రబ్బరు పాలకు చెట్లు గీయడానికి పోతూ రొంటిన దోపుకుని గేటు దాటించి, ఓ చెట్టు మొదట్లో పెట్టింది.

ముద్ద పోలీసుల కంటబడింది. ఆ వరస చెట్లు రోజూ గీసేది కన్నియమ్మ. వెనకాముందూ ఎవరూ లేని తమిళ ముసల్ది. "ఎవరు పెట్టారు?" అంటే అందరూ ఆమెవైపే చూశారు. దేవుడమ్మ నేల చూసింది. పోలీసు లారీ ఎక్కబోతూ కన్నియమ్మ దేవుడమ్మనే అడిగింది:

"పిల్లకి జొరం తగ్గినాదా, తల్లీ?"

ఆ సాయంత్రమే తగ్గింది.

అప్పుడే తోట లెక్కలు రాసే గుమాస్తా, కిరాణీ జయరామ్, దేవుడమ్మ వాళ్ళ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. దేవుడమ్మ మొగుడు అప్పన్న వెటకారమాడాడు. "ఏటి కిరాణీ బాబూ, ముసల్దాన్ని ఇలా తోలీడానికి మీ ఇంగ్లీసులో పేరున్నాదేటి?"

"ఉన్నాది. స్కేప్‌గోట్. బైబిల్ని ఇంగ్లీసులోకి తిప్పినాయన నాలుగొందల ఏళ్ళ కిందట కట్టిన మాట. పూర్వం యూదుల పూజారి జనం పాపమంతా ఓ మేక నెత్తిన పెట్టి అడివిలోకి తోలించీవోడు. తప్పించుకుపోయిన మేకని అర్థం."

"కోసుకు తినకుండా తోలీడమేటి! బుర్ర లేదు లా!" మలయావాళ్ళ యాస కలిపి నవ్వాడు అప్పన్న.

దేవుడమ్మ తలుపు చాటు నుంచి అడిగింది. "బాబూ, ఆ మేక పాపం సేసినాదా?"

"లేదమ్మా. మోసినాది, అంతే."

"మరి అడివిలో దానికి తిండెవరు పెట్టినారు?"

జయరామ్ లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

"ఆ ముద్ద నాది," అంది దేవుడమ్మ.

అప్పన్న చివాలున లేచాడు. "నోర్ముయ్యి! పిల్లేటయిపోద్దే?"

పిల్ల ఏడ్చింది. దేవుడమ్మ నోరు మూసుకుని రొమ్మందించింది. సిగ్గుతో ఆమె ముఖం కాలిపోతూనే ఉంది.

ఈపో పట్నం అవతలి నిర్బంధ శిబిరంలో పెట్టారట కన్నియమ్మను. అటు పోయేవాళ్ళెవరు కనబడినా దేవుడమ్మ ఆపి అడుగుతోంది. మీరూ అటు వెళ్తే, ఆ ముసలామె అన్నం తింటోందో లేదో ఒక్కసారి చూసి రండి.