సందు లేని షెడ్డు

మోకాళ్ళు అరిగిపోయి పని మానేశాక, తాపీ మేస్త్రి పెరట్లో తన చేత్తోనే కోళ్ళ షెడ్డు కట్టుకున్నాడు. కట్టింది రెండు వందల పెట్టలకు, నింపింది నాలుగు వందలతో. ముప్పై ఏళ్ళు ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు లేకుండా గోడలు లేపిన మనిషి. షెడ్డులో నేల కనబడితే ఎవరో పని ఎగ్గొట్టినట్టు ఉండేది ఆయనకు. ఇంటిల్లిపాదీ బతికేది ఆ గుడ్ల మీదే.

"మామయ్యా, ఈ పెట్టని పట్టుకు చూడండి," అంది కోడలు ఒక ఉదయం. "రొమ్మెముక కత్తిలా తగులుతోంది. తిన్నదంతా ఎటు పోతున్నట్టు?"

"నీళ్ళలో నులిపురుగుల మందు కలిపాం కదమ్మా."

"రెండుసార్లు కలిపాం. కొన్నిటినైనా తీసేద్దాం. కాలు పెట్టే చోటు లేదు."

"నువ్వు కాలు పెట్టడానికా నేను షెడ్డు కట్టింది?" అని నవ్వేశాడు మేస్త్రి.

కింద పరిచిన ఊక తడిసి ముద్దయితే, ఎత్తిపోయించకుండా దాని మీదే కొత్త ఊక చల్లించేవాడు, పాత గోడకు పూత పూసినట్టు.

వారం తిరక్కుండా ఒకేరోజు తొమ్మిది పెట్టలు చచ్చిపడ్డాయి. పశువుల డాక్టరమ్మ వచ్చి, ఖాళీ సిమెంటు సంచి మీద ఒకదాన్ని కోసి చూపించింది. పేగు నిండా తెల్లటి పురుగులు, చిక్కుపడ్డ దారపుండలా.

"మందు కలిపినప్పుడు తొట్టి దగ్గరికి ముందు ఏవి వస్తాయి?" అని అడిగింది.

"బలమున్నవండీ," అంది కోడలు. "నీరసంగా ఉన్నవాటిని తోసేస్తాయి."

"తాగినవైనా మళ్ళీ ఈ ఊకలోనే గీరుకు తింటాయి. ఒకదాని రెట్టలో పడ్డ పురుగు గుడ్లు కొన్నాళ్ళకి పక్కదాని కడుపులోకి పోతాయి. సగం పెట్టల్ని వేరే చోటికి మార్చండి. ఊకంతా ఎత్తేసి నేల ఆరనివ్వండి. మందు ఆ తర్వాత."

"సగమా?" అన్నాడు మేస్త్రి.

"మీరు తియ్యకపోతే చావు తీస్తుంది."

ఆయన నాలుగు రోజులు ఆలోచించాడు. ఆ నాలుగు రోజుల్లో చచ్చిన పెట్టల్ని పూడ్చడానికి కోడలు మూడు పెద్ద గోతులు తవ్వింది. మార్చడానికి ఇక సగం మిగల్లేదు.

ఊక ఎత్తేసిన షెడ్డు గుమ్మంలో కూర్చుని, ఆయన చాలాసేపు ఖాళీ నేలను చూశాడు. కోడలు మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

"మీ చిన్నమామయ్యని నువ్వు చూళ్ళేదు," అన్నాడు. "నాతోపాటే పనికొచ్చాడు. ఒక్క గదిలో పద్నాలుగు మందిమి. పక్కకి తిరగాలన్నా అందరం కలిసి తిరగాలి. ముందు ఒకడికి దగ్గు పట్టుకుంది, తర్వాత మా తమ్ముడికి. కాంట్రాక్టరు చెడ్డవాడేం కాదు, మందులు తెచ్చిచ్చేవాడు."

గ్లాసు ముట్టుకోలేదు.

"మందిచ్చారమ్మా వాడికి. చోటే ఇవ్వలేదు. ఆ గదిలోంచి బయటపడ్డవాణ్ణి, నేనూ మళ్ళీ అలాంటి గదే కట్టాను."

కోళ్ళయినా, కూలీలైనా, ఊపిరి పీల్చే ప్రాణికి మందుకన్నా ముందు చోటివ్వాలి.