ముందేది, వెనకేది

ఆగయ్య ఎప్పటిలాగే ప్రింటరుకు కాగితం ఎక్కించి కంప్యూటరులో పత్తి తూకం చిట్టీలు అచ్చువేసే కాటా ప్యాకేజీ తెరిచాడు. చిట్టీ రాలేదు. అప్పటికే జనగామ పత్తిమిల్లు గేటు ముందు బండ్లు రోడ్డు దాకా నిలిచి ఉన్నాయి.

పొట్టి మనిషి. కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతుంటాయి. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీ మూతపడి ఏడాది పోయింది, ఆ తర్వాత అతను చదువు మొహం చూడలేదు. మిల్లులో స్టోర్ గుమాస్తాగా చేరాడు. నిరుడు ఈ యూనిక్స్ కంప్యూటరు మిషన్ వస్తే, ఇంగ్లీషు చదవగలడు కదా అని మిల్లు యజమాని సత్యం సేటు అతన్నే దాని ముందు కూర్చోబెట్టాడు. నోట్లో నాలుక లేనివాడు కనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

నిన్న సేటు హైదరాబాదు నుంచి లెక్కల ప్యాకేజీ తెప్పించి ఎక్కించమన్నాడు. బుద్ధిగానే ఎక్కింది. తీరా చూస్తే, అచ్చు వేసే ఫైలు రెండు ప్యాకేజీలకూ ఉమ్మడిది. కొత్తది అదే పేరుతో తన ఫైలు వెంట తెచ్చుకుని, ఉన్నదాన్ని చెరిపేసి ఆ చోట కూర్చుంది. అడగలేదు, చెప్పలేదు.

"తీసెయ్ దాన్ని" అన్నాడు సేటు.

తీసేస్తే అది ఆ ఫైలును కూడా పట్టుకుపోయింది, వేరుపడ్డ తమ్ముడు ఉమ్మడి రోలు ఎత్తుకుపోయినట్టు. దేన్ని నమ్ముకుని ఏది నడుస్తోందో ఆ మిషన్ ఎక్కడా గుర్తుపెట్టుకోదు. ఎక్కించమంటే ఎక్కిస్తుంది, దించమంటే దించుతుంది. ఆగయ్యకు దాని మీద కోపం రాలేదు, జాలి వేసింది.

సేటు భోజనానికి ఇంటికి పోయాడు. బయట మబ్బు కమ్ముకుంది. తండా నుంచి బండి తోలుకొచ్చిన రుక్కి కిటికీ దగ్గరికి వచ్చింది.

"అన్నా, వాన పడితే పత్తి నల్లబడ్తది. ఇగ ఎవ్వలు కొంటరు? ఏడాది కష్టం నాది."

"జర ఆగు చెల్లె. మిషన్ పరేషాన్ చేస్తాంది."

"షెడ్డు ఖాళీగనే ఉన్నది గదా."

చిట్టీ లేని పత్తి షెడ్డులోకి రాకూడదని మిల్లు కట్టడి. ఒకసారి తూకం కాని పత్తి కలిసిపోయి కొట్లాటలయ్యాయి. చేతిరాత చిట్టీలు కూడా అప్పుడే బంద్ చేశారు. స్టోర్ గుమాస్తాగా ఉన్నప్పటి షెడ్డు తాళంచెవి ఇంకా ఆగయ్య దగ్గరే ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ కట్టడి దాటనివాడు, తొలి చినుకులు పడగానే పోయి తాళం తీశాడు.

"ఎవల బండి వాళ్లదే. ఒక్క పత్తి బోరెం గూడ దించొద్దు" అన్నాడు.

బండ్లన్నీ లోపలికి చేరాక వాన దంచి కొట్టింది.

తడితలతోనే మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాడు. ఈసారి లెక్కల ప్యాకేజీని ముందు ఎక్కించి, దాని మీద కాటా ప్యాకేజీ ఎక్కించాడు. రెండూ నడిచాయి. లెక్కల ఫైలుతో కాటా నడవదు గాని, కాటా ఫైలుతో రెండూ నడుస్తాయి. తొలి చిట్టీ బయటికి వస్తుంటే చంటిపిల్లవాడిలా సంబరపడ్డాడు.

గొడుగు ముడుచుకుంటూ సేటు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవల్నడిగి షెడ్డు తెరిచినవ్?"

"అడగలే సేటు. వానొచ్చింది."

"మిషన్ ఖరాబ్ చేసినవ్, షెడ్డు తెరిచినవ్. రేపటి సంది రాకు. మా మేనల్లుడు భూపాల్ చూసుకుంటడు."

ఆగయ్య జారిన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. ఉద్యోగం పోయినందుకు ఏడుపొచ్చింది, దిగమింగుకున్నాడు.

"లెక్కలది ముందు, కాటాది వెనక ఎక్కియ్యాలె సేటు. ఉల్టా అయితే మల్ల చిట్టీలు..."

"వాడు చదువుకున్నోడు. వానికి నువ్వు చెప్పేదేంది?"

బండ్లన్నింటికీ చిట్టీలు ఇచ్చేదాకా కూర్చున్నాడు. తర్వాత ఎక్కించాల్సిన వరుసలోనే లెక్కల ఫ్లాపీలు పైన, కాటా ఫ్లాపీలు కింద పేర్చి, పత్తిదారంతో ఒకటే కట్టగా కట్టాడు. తాళంచెవి పక్కన పెట్టి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

మరునాడు భూపాల్ వచ్చి ఆ కట్ట మీంచి దారం పక్కకు లాగేశాడు. దుమ్ము తుడిచి, ఫ్లాపీలను కలగలిపి డబ్బాలో సర్దాడు. ముడి ఇంకా వీడని పత్తిదారం బల్ల మీద అలాగే ఉండిపోయింది.