కుడికాలికి సెలవు

మామగారి కుడి మోకాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు ఇంటికి పంపించేటప్పుడు ఒక్క మాటే గట్టిగా చెప్పాడు. బ్రేకు తొక్కవచ్చు, మెట్లెక్కవచ్చు, కానీ గంటల తరబడి యాక్సిలరేటర్ మీద కాలు ఆనించి ఉంచితే మాత్రం మళ్ళీ తన బల్ల మీదికే రావలసి ఉంటుందని. ఇరవై రెండేళ్ళుగా లైబ్రరీవాళ్ళ పుస్తకాల వ్యాను ఊరూరా నడుపుతున్న మనిషితో ఆ మాట అనడమంటే ఇక మూల కూర్చోమనడమే. మామగారి మొహం ఆ రోజే మాడిపోయింది.

అయితే ఆ పాత డీజిల్ వ్యానుకు క్రూయిజ్ కంట్రోల్ ఉంది. కావలసిన వేగం అందుకున్నాక స్టీరింగు పక్కన బటన్ నొక్కితే చాలు, ఆ వేగాన్ని బండే పట్టుకుంటుంది, కాలు తీసేసి హాయిగా కూర్చోవచ్చు. లైసెన్సు ఆఫీసు ఇన్‌స్పెక్టరు డాక్టరు కాగితాలు రెండుసార్లు చదివి, "అది పనిచేస్తే మీరు నడపొచ్చండీ. శనివారం పొద్దున నేనే పక్కన కూర్చుని చూస్తాను. పనిచేయకపోతే తాళాలు అక్కడికక్కడే ఇచ్చేయాలి మరి" అన్నాడు.

మామగారు గాల్లో తేలుతూ ఇంటికొచ్చి, నాలుగు నెలలుగా షెడ్డులో పడి ఉన్న వ్యాను బయటికి తీశారు. పది నిమిషాల్లో తిరిగొచ్చి కోడలి ముందు బిక్కమొహం వేసుకుని నిలబడ్డారు.

"బటన్ నొక్కుతున్నా పట్టుకోవట్లేదమ్మాయ్. నొక్కినా నొక్కకపోయినా ఒకటే."

కోడలిది ఆటో ఎలక్ట్రికల్ షాపు. హారన్లు, లైట్లు, సెల్ఫ్ మోటార్లు, ఎలకలు కొరికిన వైర్లు ఆవిడ రోజువారీ బేరాలు. మామగారి కొడుక్కి స్క్రూడ్రైవర్ ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియదు కాబట్టి, ఆ ఇంట్లో ఏది పాడైనా అందరూ కోడలి వంకే చూస్తారు. అయినా వ్యాను లైబ్రరీవాళ్ళది కదా, ముందు వాళ్ళ పద్ధతి ప్రకారం పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళారు.

అక్కడి కుర్రాణ్ణి అందరూ స్కానర్ బాబు అంటారు. బండి ఏదైనా సరే, ముందు స్కానర్ తగిలించి అది చెప్పింది అప్పజెప్పడం అతని వైద్యం. ఈ వ్యానుకి స్కానర్ తగిలించే చోటే లేదు. అతను డాష్‌బోర్డు కింద తల దూర్చి కాసేపు వెతికి, చేతులెత్తేశాడు.

"క్రూయిజ్‌ని నడిపే కంట్రోల్ పెట్టె పోయిందక్కా. ఈ మోడల్‌కి ఇప్పుడెక్కడా దొరకదు. అంకుల్‌ని రెస్ట్ తీసుకోమనండి."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. పెట్టె మూత కూడా తీయకుండా పెట్టె పోయిందని ఎలా చెబుతాడు? మనిషిని రెస్ట్ తీసుకోమనడానికి వీడెవడు? వ్యానుని తన షాపుకే తోలించుకుని, షట్టర్ సగం దించి, బేరాలన్నీ వాయిదా వేసింది.

మంగళవారం ఫ్యూజులు చూసింది. లక్షణంగా ఉన్నాయి. బుధవారం ఇంజిను దగ్గర గాలి లాగే సన్నటి రబ్బరు గొట్టం పగిలి ఉండటం కనిపించింది. ఇదే దొంగ అనుకుని సంబరంగా మార్చింది. బటన్ నొక్కితే మామూలే, ఉలుకూ లేదు పలుకూ లేదు. గురువారం క్లచ్చు పెడల్ స్విచ్చు, వేగం చెప్పే వైరు, బటన్ వైర్లు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. అన్నీ బుద్ధిమంతుల్లాగే ఉన్నాయి. రాత్రి అన్నం ముందు కూర్చుని తల పట్టుకుంది.

"మీ మామయ్య తాళాలు తుడుస్తున్నారే" అని అత్తగారు గొంతు తగ్గించి చెప్పింది. "ఇచ్చేసేటప్పుడు శుభ్రంగా ఇవ్వాలంట."

శుక్రవారం మధ్యాహ్నానికి ఒక్క అనుమానం మిగిలింది. బ్రేకు తొక్కగానే క్రూయిజ్ వదిలేస్తుంది, అది దాని ధర్మం. మరి తొక్కకపోయినా తొక్కినట్టు బ్రేకు స్విచ్చు చాడీలు చెబుతుంటే? కోడలి దగ్గర ఒక టెస్ట్ ల్యాంప్ ఉంది. పాత బండి బల్బుకి రెండు వైర్లు, చివర రెండు క్లిప్పులు, అంతే. మీటర్లు ఎన్ని కొన్నా ఆవిడ దాన్ని వదలదు. ఒక క్లిప్పుని బ్రేకు స్విచ్చు నుంచి కంట్రోల్ పెట్టెకి వెళ్ళే వైరుకి, రెండోదాన్ని బండి బాడీకి తగిలించి, పక్క సీట్లో కూర్చుంది.

"పోనివ్వండి మామయ్యా. మీరు బ్రేకు మీద కాలు వేయనప్పుడు ఇది మినుక్కుమందంటే స్విచ్చు దొంగన్నమాట."

ఊరు దాటి తిన్నని రోడ్డెక్కారు. బల్బు వెలగలేదు, మినుక్కుమననూ లేదు. మామగారు అలవాటు కొద్దీ బటన్ నొక్కి, అలవాటు కొద్దీ నిట్టూర్చబోయి ఆగిపోయారు.

"అమ్మాయ్, కాలు తీసేశాను!"

అరవై మీద ముల్లు కదలకుండా నిలబడింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా అరిచారు. ఏం చేస్తే బాగుపడిందో తెలియదు, అయినా బాగుపడింది. షాపుకొచ్చి క్లిప్పులు ఊడదీసి, సామాను సర్ది, చూపిద్దామని అత్తగారిని కూడా ఎక్కించుకుని మళ్ళీ రోడ్డెక్కారు.

బటన్ నొక్కారు. వేగం మెల్లగా పడిపోయింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ పడిపోయింది.

బండి పక్కకి ఆపించి, కళ్ళు మూసుకుని ఆలోచించింది. ఇందాకటికీ ఇప్పటికీ తేడా ఏమిటి? అత్తగారు ఎక్కింది. టెస్ట్ ల్యాంప్ దిగింది. అత్తగారిని అనుమానించడం ఎంత చెడ్డా బాగుండదు కాబట్టి, ల్యాంప్ తీసి తగిలించింది. క్రూయిజ్ పట్టుకుంది. ఊడదీసింది. వదిలేసింది. మూడుసార్లు చేసినా అదే తంతు.

"అయితే ఆ బల్బేదో అలా వేలాడనివ్వచ్చుగా" అంది అత్తగారు.

"రేపు ఇన్‌స్పెక్టరు ఒళ్ళో వేలాడుతుందత్తయ్యా. అసలు ఎందుకో తెలియకుండా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు."

పరీక్ష చేసే బల్బే మందులా పనిచేస్తోందంటే, ఆ పెట్టెకి కావలసింది బల్బేనా? బల్బు లోపలి సన్నటి తీగ గుండా ఆ వైరుకి బండి బాడీతో చుట్టరికం దొరుకుతోంది. మామూలుగా ఆ చుట్టరికం కలపవలసింది వెనకాల ఉండే బ్రేకు లైట్లు. అది తెగితే పెట్టె ఏమనుకుంటుంది? బ్రేకు లైట్లు కాలిపోయాయనుకుంటుంది. వెనకాల లైట్లు లేని బండిని నేను నడపనని మొండికేస్తుంది. అందులో దాని తప్పేమీ లేదు. కానీ బ్రేకు లైట్లు దివ్యంగా వెలుగుతున్నాయే!

కోడలు దిగి వ్యాను వెనక్కి నడిచింది. మామగారిని బ్రేకు తొక్కమంది. రెండు లైట్లూ కళ్ళు జిగేల్‌మనేలా ఎర్రగా వెలిగాయి. అక్కడే చతికిలబడి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

పప్పులో కాలేసింది స్కానర్ బాబు ఒక్కడే కాదు, తనూ. మామగారు ఆస్పత్రిలో ఉండగా, ఆయన తిరిగొచ్చేసరికి ఆశ్చర్యపరచాలని, వెనక వచ్చే లారీవాడికి మైలు దూరం నుంచే కనబడాలని, పాత బల్బులు పీకేసి ఎల్.ఇ.డి. లైట్లు పెట్టింది తనే. ఎల్.ఇ.డి.కి లోపల తీగ ఉండదు, పెట్టె వెతికే చుట్టరికమూ దొరకదు. ఆ వెలుగు చూసి మామగారు వీధి వీధంతా పిలిచి చూపించారు కూడా.

"మామయ్యా, మీ బండి పాడుచేసింది నేనే" అంది. చెప్పడానికి సిగ్గనిపించింది, చెప్పకుండా ఉండటానికి ఇంకా సిగ్గనిపించింది.

మామగారు మొత్తం విని, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "నా మీద ప్రేమ ఎక్కువై నా ఉద్యోగం పీకబోయావన్నమాట!" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ కళ్ళనీళ్ళు నవ్వుకి వచ్చినవి మాత్రమే కావని కోడలికి తెలుసు.

షాపుకొచ్చాక అరలోంచి రెండు మామూలు బల్బులు తీసి బిగించడానికి పట్టింది ఐదు నిమిషాలు.

శనివారం పొద్దున ఇన్‌స్పెక్టరు అట్టకి కాగితం గుచ్చుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. కోడలు వెనకాల పుస్తకాల అరల మధ్య స్టూలు మీద కూర్చుంది. అరవై అందుకున్నాక మామగారు బటన్ నొక్కి, కుడికాలు వెనక్కి తీసుకుని నేల మీద ఆనించారు. వ్యాను వేగం పట్టుకుంది. ఎదురుగా ఎత్తు వచ్చింది. ఇంజిను తనంతట తనే గొంతు పెంచి, ఎవరూ తొక్కకుండానే ఎత్తు ఎక్కేసింది. బ్రేకు తాకితే వదిలింది, బటన్ నొక్కితే మళ్ళీ పట్టుకుంది. పన్నెండు కిలోమీటర్లు అయ్యేసరికి ఇన్‌స్పెక్టరు రాయడం మానేసి రోడ్డు చూస్తున్నాడు.

"పెద్ద వర్క్‌షాపు వాళ్ళు కాదన్నారట కదండీ. ఎవరు బాగుచేశారు?"

"మా కోడలు సార్."

"అసలు ఎలా పాడైందంటారు?"

"అది కూడా మా కోడలే సార్" అన్నారు మామగారు గర్వంగా. "ఏ పనైనా మొదటి నుంచి చివరిదాకా తనే చూసుకుంటుంది."

కోడలు పుస్తకాల చాటున మొహం దాచుకుంది. ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకోలేక పెన్ను కింద పడేసుకుని, వెతికి తీసి, కాగితం మీద సంతకం పెట్టాడు. "ఇక వెనక్కి తిప్పండి" అన్నాడు.

"ఇంకో ఎనిమిది కిలోమీటర్లలో నా మొదటి స్టాపు ఉంది సార్. పాపం, అక్కడివాళ్ళు నాలుగు నెలలుగా పాత పుస్తకాలే తిరగేస్తున్నారు. మీకు అభ్యంతరం లేకపోతే కొత్తవి ఇచ్చేసి వెళ్దాం."

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని, తల ఊపి, సీట్లో సర్దుకుని కూర్చున్నాడు. మామగారు బటన్ నొక్కి, రెండు కాళ్ళూ హాయిగా నేల మీద పెట్టుకుని ముందుకే పోనిచ్చారు.